మామిడితోపులో వడ్రంగి పిట్ట

"అది వడ్రంగి పిట్ట కాదయ్యా, కంసాలి పిట్ట," అంది వరదమ్మ. "టొక్కు టొక్కుమనేదంతా వడ్రంగేనా? నీ చెవులు కమ్మలు పెట్టుకునేదానికి తప్ప దేనికీ పనికిరావు."

మామిడిచెట్టు కింద దుర్భిణి పట్టుకుని నిలబడ్డ మనిషి సిగ్గుగా నవ్వాడు. పంతొమ్మిదివందల ఎనభై రెండో సంవత్సరం ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. తిరుత్తణి కొండ దిగువనున్న ఆమె తోపుకు అతను ప్రతి ఆదివారమూ పొద్దుటి రైల్లో వస్తున్నాడు. తిరువళ్ళూరు తాలూకా ఆఫీసులో గుమాస్తానని, పిట్టల్ని చూడటం కొత్తగా మొదలుపెట్టానని, ముందు వడ్రంగి పిట్టను చూడాలని ఉందని మొదటిరోజే చెప్పుకున్నాడు. పేరు కూడా చెప్పబోతే వరదమ్మ అడ్డుకుంది.

"పేరెందుకులే. కాయ ముట్టుకోకుంటే సాలు."

మొదట్లో దొంగేమోనని అనుమానపడింది. అతని వెతుకులాట చూశాక ఆ అనుమానం పోయి వెటకారం మిగిలింది. దొంగకైతే కాస్త తెలివుంటుంది. ఇతను మాను మీద పాకే పిట్టను కొమ్మల చివర ఆకుల్లో వెతికేవాడు. ఒకసారి పిగిలి పిట్ట తలమీద జుట్టు చూసి ఇదేనన్నాడు. ఇలాంటివాడికి సర్కారు జీతమెందుకిస్తోందో ఆమెకు అంతుపట్టలేదు.

అయినా ఆదివారం వస్తే గేటు చప్పుడు కోసం చెవి వేసి ఉండేది. తిట్టడానికి ఇంట్లో మనిషి లేక చాన్నాళ్ళయింది మరి.

"పెండ్లయిందా?" అని అడిగింది ఆవేళ.

"అయిందమ్మా."

"పాపం. నీకు పిల్లనిచ్చిన మహాతల్లి ఎవురో, కండ్లు మూసుకోని ఇచ్చుంటుంది."

అతను దుర్భిణి అద్దాలు తుడుచుకున్నాడు.

"నాకూ ఒక కూతురుండాది," అంది వరదమ్మ, ఎవరూ అడక్కుండానే. "మద్రాసుకు చదువుకు పంపిస్తే, నాతో మాటన్నా చెప్పకుండా రిజిస్టరాఫీసులో పెండ్లి చేసుకునింది. యాడుండాదో తెలీదు. వాని మొగం నేను చూడలేదు, చూడబోను. దానికి నేను పెట్టిన పిట్ట పేరు ఈ తోపులో ఎవురూ ఎత్తకూడదు."

"ఆయన మంచోడేమో కదమ్మా."

"ఉంటాడులే, నీ మాదిరే. మాను యాదో కొమ్మ యాదో తెలీని జాతి."

అంతలో ఎవరో పగలబడి నవ్వినట్టు ఒక అరుపు తోపంతా చీల్చుకుపోయింది. ఎండిపోయిన కొబ్బరిమాను మీద ఏదో వాలి, చటుక్కున మాను అవతలి పక్కకు తిరిగిపోయింది. అతను ఈసారి ఆకుల వైపు చూడలేదు.

"కదలొద్దమ్మా. పైకి పాకతా ఈ పక్కకే వస్తాది."

వచ్చింది.

"వీపు బంగారం. నెత్తంతా ఎరుపు, మగది. ఆ తొర్ర కాడ ఇంకోటుండాది చూడండి, నుదురు నలుపు, దానిమీద తెల్లచుక్కలు. అది ఆడది." అతను దుర్భిణి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వరదమ్మకు వడ్రంగి పిట్ట ఒక రొద, అంతే. ఇప్పుడది కళ్ళముందుకొచ్చి కూర్చుంది. తొర్రలోంచి బోసి నోరొకటి బయటికొచ్చింది. తల్లి ముక్కు ఆ నోట్లోకి దిగింది, మళ్ళీ దిగింది. వరదమ్మ చాలాసేపు దుర్భిణి దించలేదు.

"అద్దం మసకేసింది," అంది చివరికి, కొంగుతో ముందు కళ్ళు, తర్వాత అద్దాలు తుడిచి ఇస్తూ. "పరవాలేదు, ఒక పిట్టన్నా పట్టినావు. వచ్చే వారం నీ పెండ్లాన్నీ పిలుచుకోని రా. ఎట్లాంటోణ్ణి కట్టుకునిందో నేనే చెప్తా ఆ పిల్లకు."

అతను దుర్భిణిని మెడలో వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు పిలిస్తేనే కోకిల వస్తానంటా ఉండాది, అత్తా."