వ్యానుకి నీడ

"చెయ్యి తియ్యండి సార్. అవి అమ్ముడైపోయాయి."

పాత సామాన్ల కొట్టు యజమాని ఆ మాట అనేసరికి కళ్ళజోళ్ళాయన ఉలిక్కిపడ్డాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. తుక్కు కింద పడేసిన ఏదో వ్యాను టాపు మీంచి ఊడదీసిన ఇనప బ్రాకెట్లవి. జత. కాస్త తుప్పు పట్టాయి, అంతే. పొద్దుటినుంచి ఊరంతా గాలిస్తే ఇప్పటికి కంటపడ్డాయి.

"అమ్ముడైపోతే ఇంకా ఇక్కడెందుకున్నాయండీ?"

"పొద్దున్నే ఒకాయన చూసి పక్కన పెట్టమన్నారు. సాయంత్రం వచ్చి తీసుకెళ్తారు. ఒకసారి మాటిచ్చాక అంతే."

కళ్ళజోళ్ళాయన బ్రాకెట్లని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. అతని పాత వ్యానే అతని దుకాణం. లోపల అమ్మకానికి కళ్ళజోళ్ళ ఫ్రేములు, అద్దాలు. వెనక తలుపుకి అక్షరాల అట్ట. వచ్చినవాళ్ళు రోడ్డు మీద నిలబడి ఆ అక్షరాలు చదవాలి. రేపటినుంచి ఆస్పత్రి ఆవరణలో వ్యాను పెట్టుకోనిస్తామన్నారు గానీ, అక్కడి మేనేజరు ఖచ్చితంగా చెప్పేశాడు: "మా పేషెంట్లని ఎండలో నిలబెడితే ఊరుకోను. నీడ ఉంటే రండి. లేదంటే ఆ చోటు జ్యూసు బండికి ఇచ్చేస్తాం."

నీడ లేక కాదు. చుట్టి విప్పుకునే గుడ్డ పందిరి ఎప్పుడో కొని పెట్టుకున్నాడు. దాన్ని వ్యాను టాపు మీదున్న క్యారియర్‌కి బిగించడానికి బ్రాకెట్లే లేవు. కొత్తవాటికి షోరూములో చెప్పిన ధర వింటే, ఆ డబ్బుతో ఇంకో పందిరే వచ్చేది. వెల్డింగు షాపులో "వచ్చే వారం రండి" అన్నారు. పోనీ అని నిన్న తాళ్ళతో కట్టి చూశాడు. గాలి ఒక్క ఊపు ఊపేసరికి పందిరి కాస్తా జారి, చూడ్డానికి వచ్చిన మామగారి నెత్తిన పడింది.

ఆయనకి అసలే నోటిదురుసు. "ఎండలో నిలబెట్టి కళ్ళు పరీక్ష చేస్తావు, నీడలోకి పిలిచి బుర్ర పగలగొడతావు. నీ దగ్గరకొచ్చినవాడు ఎటుపోయినా ఆస్పత్రికే కదా అల్లుడూ!" అని తల రుద్దుకుంటూ వెళ్ళిపోయారు. ఆ మాట ఇంకా చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

"ఆయన ఫోన్ నంబరుందా?" అడిగాడు కళ్ళజోళ్ళాయన.

"ఉంటే?"

"ఒక్కసారి కలపండి. నేను బతిమాలుకుంటాను. రేపు పొద్దున్నకి నాకివి లేకపోతే..."

"కథలు చెప్పకండి సార్. ఇక్కడికొచ్చే ప్రతివాడికీ ఏదో ఒకటి రేపు పొద్దున్నకే కావాలి."

"మీకు పుణ్యముంటుంది." గొంతు వణికింది. తనకే సిగ్గేసింది. అయినా బ్రాకెట్లని గుండెకి హత్తుకుని అలాగే నిలబడ్డాడు.

యజమాని అతని మొహం చూశాడు. విసుక్కుంటూనే ఫోన్ తీశాడు. కళ్ళజోళ్ళాయన ఆశగా చెయ్యి చాపితే మాత్రం ఇవ్వలేదు.

"మీరాగండి. నేనే మాట్లాడతాను... హలో, నమస్తే సార్, పాత సామాన్ల కొట్టు. మీరు ఉంచమన్నారే, ఆ సరుకుని ఇక్కడెవరో పట్టుకుని వదలడం లేదు సార్... ఏమో, నాకేం తెలుసు... లేదు లేదు, రౌడీలా ఏం లేడు. పద్ధతిగానే ఉన్నాడు. ఏడుపొక్కటే తక్కువ... ఆఁ... ఆఁ... మీ ఇష్టం సార్."

ఫోన్ జేబులో పెట్టుకుని, అదోలా చూశాడు.

"తీసుకెళ్ళండి."

"నిజంగానా! ఏమన్నారాయన?"

"ఎవరికో ఇద్దామనుకున్నారట. మగవాడు కళ్ళనీళ్ళు పెట్టుకునేదాకా వచ్చాడంటే ఎంత ఇరుకున పడ్డాడో పాపం, ఇచ్చెయ్యమన్నారు. ధర మాత్రం ఆయనకి చెప్పిందే. బేరాల్లేవు."

బేరమాడాల్సిన పనే పడలేదు. జేబులో ఉన్నదాంట్లోంచి ఇచ్చేశాక, టీకి కూడా మిగిలింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలని దారిపొడుగునా అనుకుంటూనే ఉన్నాడు.

ఇంటికొచ్చీ రాగానే, "దొరికాయి! స్టూలు పట్టుకురా!" అని కేకేశాడు. భార్య కింద స్టూలు పట్టుకుంటే, పైకెక్కి బ్రాకెట్లని క్యారియర్‌కి ఆనించాడు. అక్కడికక్కడే కొలిచి చేయించినట్టు అతుక్కున్నాయి. బోల్టులు బిగించి, పందిరి ఎక్కించి, రెండు చేతులా పట్టుకుని వేలాడి చూశాడు. వ్యాను ఊగింది గానీ పందిరి కదల్లేదు. తాడు లాగగానే గుడ్డ సర్రున విచ్చుకుని నేల మీద ఇంత నీడ పరిచింది.

భార్య ఆ నీడలో నిలబడి, ఒక కన్ను చేత్తో మూసుకుని, తలుపు మీది అక్షరాలు ఆఖరి వరస దాకా గడగడా చదివేసింది.

"నీకు కళ్ళజోడు అక్కర్లేదు, పో!" అన్నాడు. నిన్నటినుంచి గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయి, కారణం లేకుండానే నవ్వొచ్చేస్తోంది. "రేపు మీ నాన్నగారిని తీసుకొచ్చి ఇక్కడే నిలబెట్టు. ఈసారి ఏమంటారో వింటాను."

"అయ్యో, నాన్నకి వెంటనే చెప్పాలండీ," అంటూ ఆమె గబగబా ఫోన్ అందుకుంది. "ఇందాకే ఆయన ఫోన్ చేశారు. మీకోసం పొద్దున్నే ఎక్కడో బ్రాకెట్లు చూసి ఉంచమన్నారట, ఎవరో ఏడుపు మొహంతో అడిగారని జాలిపడి ఇచ్చేసి, ఇంకో జత కోసం మధ్యాహ్నంనుంచి ఊరంతా తిరుగుతున్నారు!"