ఆరింటి హిమజ

మా అమ్మాయి హిమజ జ్వరంతో పోయిన రోజు కూడా సాయంత్రం ఆరింటికి టీవీలో దాని సీరియల్ వచ్చింది. పిల్లలు పగలు ఆడిన వీడియో గేమును టీవీయే బొమ్మల సీరియల్‌గా మార్చి, వాళ్ల గొంతులతోనే ఇంటింటా చూపిస్తోంది. ఆడే పిల్లలు లేకపోతే తానే కథ అల్లుకుంటుంది.

హిమజది డ్రాగన్లను చంపే ఆట. హిమజ మాత్రం ఒక్కదాన్నీ చంపలేదు.

"దాని గుహలోకి మనమే కదా నాన్నా వెళ్లాం, పాపం!" అని పక్కనుంచి తప్పుకుని పోయేది. బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చి నేను "ఒసే పిరికిదానా" అని ఏడిపించేవాణ్ణి.

నిన్న సీరియల్‌లో హిమజ డ్రాగన్ మెడ నరికి నవ్వింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా భార్య అరుంధతి చేతులు ఆగిపోయాయి.

"ఇది మన పిల్ల కాదండీ. ఆపించేయండి."

"ఆపిస్తే మళ్లీ రాదు. ఆ గొంతు కూడా ఉండదు."

ఆమె మళ్లీ ఓ చిక్కుడుకాయ అందుకుంది.

"పోనీ, రేపొక్కరోజు చూద్దాం. రేపు చంపదేమో."

ఈరోజు మూడింటిని చంపింది. మధ్యలో "అమ్మా, ఆకలేస్తోందే" అంది. అరుంధతి గబుక్కున లేచి వంటింట్లోకి వెళ్లింది.

సీరియల్ ఆపమని టీవీ కంపెనీకి అర్జీ రాశాను. సంతకం ఇంకా పెట్టలేదు.