గుమ్మం బయట చెప్పులు

ఆ ఉదయం కూడా చెప్పులు తిరిగి ఉన్నాయి.

పరాయి దేశానికి చదువుకని వచ్చి, ఆ మేడ మూడో అంతస్తులో ఒంటిగది తీసుకుని నెలయింది ఆ అమ్మాయి. పుట్టింటి అలవాటు ప్రకారం చెప్పులు గుమ్మం బయట, మొనలు తలుపువైపు విడిచి లోపలికి పోతుంది. తెల్లారి చూస్తే మొనలు మెట్లవైపు ఉంటాయి.

మేడలో ఇంకెవరి గుమ్మం బయటా చెప్పులు లేవు.

ఒక్కరూ పలకరించరు. మెట్లమీద ఎదురైతే గోడకు అతుక్కుపోయి, తల దించుకుని దారి ఇస్తారు. ఎదురుగది పెద్దావిడయితే ఆమె కాళ్ళకేసి చూసి గబుక్కున తలుపు వేసుకుంటుంది.

అమ్మకు ఫోన్ చేసింది.

“పొమ్మని అర్థమే అది! నేను కాపురానికొచ్చిన కొత్తలో మీ నాయనమ్మ నా చెప్పులు అలాగే తిప్పి పెట్టేది.”

“మరి పోయావా?”

“పోతే నువ్వెక్కణ్ణుంచి ఊడిపడేదానివే?” అమ్మ నవ్వింది. అంతలోనే గొంతు తగ్గించి, “ఎవరో కనిపెట్టు. భయమేస్తే వచ్చెయ్. చదువు పోతే పోయింది” అంది.

చదువు పోతే పోయిందట! ఈ సీటు కోసం రెండేళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది.

మర్నాడు తెల్లారుతూనే తలుపుకున్న కంతకు కన్ను ఆనించి నిలబడింది.

ముసలాయన. కాళ్ళదాకా బూడిదరంగు కోటు, భుజాన గోనెసంచి. చెప్పుల ముందు ఆగాడు. వంగి, తలుపుకు చెవి ఆనించాడు.

బొటనవేలి మందం చెక్క. అటు ఆయన చెవి, ఇటు ఆమె గుండె.

ఊపిరి బిగబట్టింది. ఆయన కదల్లేదు. ఇంకా బిగబట్టింది. ఆయన మెల్లగా సంచి మూతి విప్పుతున్నాడు.

ఆగలేక దగ్గింది.

ముసలాయన హమ్మయ్య అన్నట్టు నిట్టూర్చాడు. సంచి ముడేసి, చెప్పులు రెండూ మెట్లవైపు తిప్పి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల ఒక్క పరుగున మేడ మేనేజరు దగ్గరికి దిగింది.

“ఆ గోనెసంచి ముసలాయన నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు.”

“ఆయనే వద్దా? ఆలోచించుకో అమ్మా.”

“ఆలోచించేదేముంది? ఇంకోసారి కనిపిస్తే పోలీసులకు చెబుతా.”

“సరే. కొత్తవాణ్ణి చూస్తాను.”

ఆ చివరి మాట ఆమె చెవికెక్కలేదు. అప్పటికే మెట్లెక్కుతోంది.

వారం రోజులు చెప్పులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కంటినిండా నిద్రపోయింది.

ఎనిమిదో రోజు చెప్పులే లేవు. వాటి చోట ఒక తెల్లపువ్వు.

ఎదురు తలుపు దబదబ బాదింది. పెద్దావిడ తీసింది. ఒట్టికాళ్ళు చూసి ఒకడుగు వెనక్కి వేసింది.

“నువ్వు... ఉన్నావా?”

“ఉండక? ఏమిటిదంతా పెద్దమ్మా?”

“ముందు లోపలికి రా. ఆ గుమ్మం దగ్గర నోరు విప్పకూడదు.” తలుపు వేసి అంది: “మా దగ్గర మనిషి పోతేనే చెప్పులు బయట పెడతారు, మొనలు తలుపువైపు. నువ్వేమో రోజూ పెడతావు.”

“ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?”

“చావుగుర్తు పెట్టిన మనిషితో మాట్లాడితే అది మన గుమ్మానికీ వస్తుందంటారు తల్లీ. మా భయం మాది. ఇవాళ నీ చెప్పులు లేవు గనక నోరు విప్పాను. ఆ ముసలాయనొక్కడే భయపడలేదు. మొనలు బయటికి తిప్పితే, లోపల మనిషి బతికే ఉందని గుర్తు.”

“ఆయనెక్కడ?”

“కింద, మెట్ల పక్క గది. పని పోయిన్నాటినుంచి గడప దాటలేదు.”

ఒట్టికాళ్ళతోనే దిగింది.

ఆ గది తలుపు వేసి ఉంది. బయట అరిగిపోయిన బూట్ల జత. మొనలు తలుపువైపు.

మోకాళ్ళమీద కూలబడి తలుపుకు చెవి ఆనించింది. తన ఊపిరి అడ్డమొస్తోందేమోనని బిగబట్టి మరీ వింది.

చాలాసేపు వింది.

అయినా బూట్లు రెండూ బయటికి తిప్పింది.

“తప్పుకోమ్మా.”

వెనక కొత్తవాడు. భుజాన అదే గోనెసంచి, అందులోంచి తొంగిచూస్తూ ఆమె చెప్పులు.

“నేనాయనలా చెవి పెట్టి వినేవాణ్ణి కాదులే, ఇవి నీవేమో తీసుకో” అంటూ అతను బూట్లకోసం వంగాడు. “పోయినవాళ్ళ చెప్పులు పట్టుకుపోయి, వాటి చోట పువ్వు పెట్టడమే ముప్పై ఏళ్ళుగా ఈయన పని, ఖాళీ సంచితో తిరిగొచ్చింది ఒక్క నీ గుమ్మం నుంచేనట.”