రెక్క మీదే కన్ను

విమానం పైకి లేచి పది నిమిషాలు కాలేదు, పన్నెండో వరుసలో ఎవరో గంట నొక్కారు.

పెద్ద ఎయిర్‌హోస్టెస్ వెళ్ళి చూసింది. కిటికీ పక్కన అరవై ఏళ్ళాయన. నలిగిన చొక్కా, మాసిన గడ్డం. మొహం అద్దానికి ఆనించి కుడి రెక్క వంకే చూస్తున్నాడు.

"ఏం కావాలి సార్?"

"విమానం ఎడమకి ఒరుగుతోందమ్మా. పైలట్ బలవంతాన పట్టుకుని ఉన్నాడు. గమనించారా?"

"గాలి సార్. మంచినీళ్ళు తెమ్మంటారా?"

"గాలి కాదు. కాక్‌పిట్‌లో ఎంతమంది ఉన్నారు?"



ఆమె పదిహేనేళ్ళ సర్వీసులో దుప్పటి అడిగినవాళ్ళున్నారు, దిండు అడిగినవాళ్ళున్నారు, ఆఖరికి వాళ్ళబ్బాయికి సంబంధం అడిగినవాళ్ళూ ఉన్నారు. కాక్‌పిట్‌లో తలలు లెక్కపెట్టినవాడు మాత్రం లేడు.

ఏదో సర్దిచెప్పి వెనక్కి వచ్చేసింది.

"అక్కా, ఆయనది అసలా సీటు కాదు," చిన్న ఎయిర్‌హోస్టెస్ చెవిలో ఊదింది. "ఎక్కగానే ఒకావిడని బతిమాలి అక్కడికి మారాడు. చేతిలో సంచీ అన్నా లేదు."

"ఒక కన్నేసి ఉంచు."

ఆ మాట నోట్లో ఉండగానే విమానం ఎడమవైపుకి ధబ్బున ఒరిగింది.

కప్పులు జారి పడ్డాయి. పసిపిల్ల ఒకతె కెవ్వుమంది. విమానం మెల్లగా, మనసొప్పనట్టుగా, మళ్ళీ నిటారయింది.

తలెత్తి చూస్తే ఆయన లేచి ముందుకు వస్తున్నాడు.

ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది. "కూర్చోండి!"

"కూర్చుంటాను. పైలట్‌కి ఒక్క మాట చెప్పండి. కుడివైపు ఫ్లాపు, అదే, రెక్క వెనకాల జారే రేకు, పూర్తిగా లోపలికి పోలేదు. లోపల దాన్ని జరిపే స్క్రూ అరిగిపోయింది. దిగేటప్పుడు ఫ్లాపుల్ని కదపొద్దనండి. కదిపితే ఎడమది దిగుతుంది, కుడిది దిగదు. పల్టీ కొడతాం. దిగేదాకా లోపలున్నవాళ్ళంతా కలిసి పట్టుకోమనండి, ఒక్కడి బలం చాలదు."

"రెక్క లోపల అరిగిన సంగతి మీకెలా తెలుసు?"

ఆయన పక్క కిటికీలోంచి మళ్ళీ రెక్క వంక చూశాడు.

"అంత తెలిసి ఎందుకెక్కారు మరి?"

"నేనొక్కణ్ణీ దిగిపోతే మిగతావాళ్ళు దిగరు కదమ్మా."

ఆ జవాబు ఆమెకి బెదిరింపులా వినిపించింది.

ఆయన్ని తిరిగి సీటుకి పంపి, పదకొండో వరుసలో ఉన్న భారీ మనిషిని లేపి ఆయన పక్కన కూర్చోబెట్టింది. "కదిలితే పట్టుకోండి."

"పట్టుకోవడమెందుకమ్మా, మీద కూర్చుంటాను," అన్నాడు ఆ మనిషి.

ఆమె ఫోన్లో కెప్టెన్‌కి అంతా చెప్పింది, ఒక్క ఊపిరిలో.

"ఇక్కడ రెండు ఫ్లాపులూ లోపలికి వెళ్ళిపోయాయనే చూపిస్తోంది," అన్నాడు కెప్టెన్. చేతుల్లో బలమంతా పెట్టి మాట్లాడుతున్నట్టుంది గొంతు. "కానీ లాగేస్తోంది. నువ్వు కిటికీలోంచి చూసి చెప్పు."

ఎడమ రెక్క నున్నగా ఉంది. కుడి రెక్క వెనకాల రేకు జానెడు కిందికి వేలాడుతోంది.

చెప్పింది.



"ఎవడో గానీ సరిగ్గా చెప్పాడు. ఫ్లాపులు ముట్టుకోను. వెనక్కి తిప్పి, వేగంగానే దించేస్తాను. అందర్నీ తలలు వంచి కూర్చోమను. కిందికి పోలీసుల్నీ రమ్మంటాను."

నేల తరుముకొచ్చినట్టు మీదికి వచ్చింది. చక్రాలు తగిలిన చప్పుడుకి సీట్లు ఊడొస్తాయనిపించింది. రబ్బరు కాలిన వాసన. తలలు వంచుకున్న నూట నలభై మంది. పరుగు, పరుగు, పరుగు.

రన్‌వే చివర గడ్డి కనిపిస్తుండగా విమానం ఆగింది.

ఎవరో ఏడ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు. భారీ మనిషి మాత్రం పక్కాయన చెయ్యి వదల్లేదు.

జనమంతా దిగాక పోలీసులు ఎక్కారు. ఆమె వేలెత్తి చూపించింది.

"ఈయనే. చెడిపోయిందేదో ముందే తెలిసినవాడికి, చెడగొట్టిందెవరో తెలియదా?"

ఆయన బేడీలకి చేతులు చాపుతూ, "అందరూ క్షేమమేనా అమ్మా?" అని అడిగాడు.

ఎంత నటన అనుకుని ఆమె మొహం తిప్పేసుకుంది.

జీపు కదిలాక, నిచ్చెన వేసుకుని ఒక మెకానిక్ రెక్క కింద మూత విప్పి టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. దిగి వచ్చేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం, ఫ్లాపులు కదపొద్దని కెప్టెన్‌కి ఎవరు చెప్పారు?"

"ఇప్పుడు తీసుకెళ్ళారే, ఆ ముసలాయన. లోపల స్క్రూ అరిగిందని కూడా తనే చెప్పాడు. పోలీసులు నిజం కక్కిస్తార్లెండి."

"మాసిన గడ్డం? నెమ్మదిగా మాట్లాడతాడా?"

"ఆయనే. మీకు తెలుసా?"

జీపు అప్పటికే గేటు దాటి వెళ్ళిపోయింది. మెకానిక్ నిచ్చెన చివరి మెట్టు మీద కూలబడ్డాడు.

"నాకు పని నేర్పిన మా పెద్ద మెకానిక్ అండీ ఆయన. ఆ స్క్రూ మార్చందే ఈ విమానం ఎగరడానికి సంతకం పెట్టనన్నాడని పోయిన నెల ఉద్యోగంలోంచి గెంటేశారు. ఆయన పెట్టనన్న సంతకం నేను పెట్టాను."