పాట అయ్యేదాకా

నడుముకి తాడు కట్టుకుని దాలయ్య మ్యాన్‌హోల్లోకి దిగగానే వీధి స్తంభాలన్నీ పాట ఎత్తుకున్నాయి. రోజుకో కొత్త పాట. దిగే మనిషి పేరు పెట్టి మరీ కార్పొరేషన్ యంత్రమే కడుతుంది. పాట అయ్యేదాకా వీధిలో ఎక్కడివాళ్లక్కడ గుండె మీద చెయ్యేసుకుని నిలబడాలి. స్తంభానికున్న కన్ను అందర్నీ చూస్తూనే ఉంటుంది.

పైన తాడు పట్టుకోవాల్సిన కనకరాజు కూడా తాడొదిలేసి నిలబడ్డాడు.

ఈ భయంతోనే వారం రోజులుగా కొడుకు వెంట వస్తోంది దాలయ్య తల్లి నూకరత్నం. గబుక్కున వెళ్లి తాడు అందుకుంది.

"పిన్నీ, పాట నీ కొడుకు మీదే. బుద్ధిగా నిలబడు, నా డ్యూటీ పోతాది," అన్నాడు కనకరాజు పెదాలు కదిలీ కదలకుండా.

"నీ డ్యూటీ తాడు పట్టడంరా."

కిందనుంచి తాడు రెండుసార్లు గుంజుకుంది. పైకి లాగమని గుర్తు. ఒక్కర్తీ కాళ్లు తన్నిపెట్టి లాగింది గానీ బరువు కదల్లేదు. "పట్టండర్రా, వాడికి గాలాడటం లేదు," అని అరిచింది. మా ఊరి ఊపిరి నువ్వే దాలయ్యా అంటోంది పాట. ఎవరూ కదల్లేదు.

ఆమె కనకరాజు చెంప పగలగొట్టి, గుండె మీది చెయ్యి ఊడబీకి తాడు మీద పెట్టింది.

ఇద్దరూ లాగితే పైకొచ్చాడు దాలయ్య. నల్లనీళ్లు కక్కుకుని, ఎగశ్వాసతో తల్లి ఒళ్లో పడ్డాడు. అప్పటికి పాట అయ్యింది. వీధంతా చప్పట్లు కొట్టింది.

"కన్నతల్లివి, పాట మధ్యలో ఆ గొడవేంటమ్మా?" అంది పక్క మేడమీంచి ఒకావిడ.

నూకరత్నం కొడుకు మొహం తుడుస్తూ తలెత్తింది.

"రేపు నువ్వు దిగు తల్లీ. తాడొదిలేసి నేను పాడతాను."