తవిటయ్య బండి ముల్లు

బొబ్బిలిలో వేగం చూపే ముల్లు మీటరున్న బైకు తవిటయ్యదొక్కటే మిగిలింది. ఆ ఉదయం బళ్ల పరీక్షా కేంద్రంలో దాన్నీ పీకేసి, అంకెలు చూపే అద్దం బిగించారు.

“హద్దు నలభై, తాతా. మూడుసార్లు దాటితే బండే ఆగిపోద్ది. మళ్లీ ఎప్పటికీ స్టార్టవదు,” అంది అక్కడి అమ్మాయి.

“నాకు దగ్గర చూపు మసకమ్మా. ముల్లయితే వాలు చూసి తెలిసిపోయేది. ఈ అంకె పోల్చుకునేలోపే మారిపోతంది.”

“ముల్లు అటూ ఇటూగా చూపిద్ది. ఇది తప్పు చూపదు.”

ఆమె అన్నది నిజమే. తవిటయ్య బండెక్కాడు.

వంకాయల గంపతో భార్య ఎర్నమ్మ వెనక ఎక్కింది. “నానున్నాను గదా, నడుపు,” అంది.

సంత రోడ్డెక్కాక అద్దం రెండుసార్లు ఎర్రబడింది. ఇంకొక్కసారి ఎర్రబడితే బండీ లేదు, సంతా లేదు. ఎర్నమ్మ అతని భుజం మీంచి అంకెలు చదివి చెబుతూనే ఉంది. గాలి ఆ మాటలను అతని చెవిదాకా రానివ్వలేదు.

ఆమె చదవడం మానేసింది. పాత మీటరులో నలభై దగ్గర ముల్లు నిట్టనిలువుగా ఉండేది. ఇన్నేళ్లూ అదే భుజం మీంచి ఆమె చూసింది దాన్నే. చూపుడువేలు అతని వీపుకు ఆనించి, వేగం పెరగగానే కుడికి వాల్చింది. తవిటయ్య చెయ్యి సడలించాడు. వేలు మెల్లగా నిలువుకొచ్చింది.

సంతలో బండి ఆపినా తవిటయ్య కదల్లేదు. వీపు మీది వేలు ఎడమకు ఒరిగి, సున్నా దగ్గర ముల్లు వణికినట్టే కాసేపు వణికి, పడుకుంది.

అప్పుడుగానీ అతను తాళంచెవి తీయలేదు.