నాలుగు బోల్టులు

"సంతకం పెట్టండి," అన్నాడు ఇంజనీరు.

"పెట్టను," అంది థర్మామీటరమ్మ.

ఆ వాతావరణ కేంద్రంలో పనిచేసే పరికరం ఒక్క థర్మామీటరే. గాలి కొలిచేది తుప్పు పట్టింది. ఎండ కొలిచేది పగిలింది. పదహారేళ్లుగా ఆమె ఆ ఒక్కదాంతోనే నెట్టుకొస్తోంది. అందుకే ఊరంతా ఆమెను థర్మామీటరమ్మ అనే పిలుస్తుంది.

ఇంజనీరు కాగితం ముందుకు తోశాడు. నేల నుంచీ పైరు నుంచీ రోజుకు ఎంత నీరు ఆవిరైపోతోందో అందులో ఉంది. రెండు మిల్లీమీటర్లు. అదే ఖాయమైతే ఈ వారం కాలువ వదలరు. కాలువ చివర ఆమె చెల్లెలి మొక్కజొన్న ఇప్పటికే ఆకులు చుట్టుకుంటోంది.

"నా లెక్క ఆరు," అందామె.

"దేంతో వేశారు?"

"మధ్యాహ్నం వేడి, తెల్లవారుజాము వేడి, తేదీ. వేడిలో తేడా బాగా ఉంటే మబ్బు లేనట్టే. పగలెంతసేపో తేదీ చెబుతుంది. అన్నీ కొలిచే దిక్కు లేనప్పుడు వేసే లెక్క ఇది. మీ పుస్తకాల్లోనూ ఉంది."

ఇంజనీరు నవ్వాడు. "కాకిలెక్క! నెల క్రితం మీకిచ్చిన కొత్త యంత్రం గాలి, ఎండ, తేమ అన్నీ కొలిచి గంటగంటకీ పంపుతోంది. గాలి దాదాపు సున్నా. ఎండా అంతంతమాత్రమే. దాని ముందు మీ గాజుగొట్టం ఎంత? చెల్లెలి పొలం కోసం పెంచి చెప్తున్నారని పైవాళ్ల అనుమానం."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కిటికీ గాలికి కాగితం ఎగరబోతుంటే దాని మీద తన నోటుబుక్కు ఠపీమని పెట్టింది.

"చెల్లెలికి పొలం లేకపోయినా ఆరే. నా ఉద్యోగం పీకేసినా ఆరే. నాలుగు బోల్టులు పంపండి మహాప్రభో అని మీకు మూడు ఉత్తరాలు రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"లెక్క గురించి మాట్లాడుతుంటే మధ్యలో బోల్టులేంటమ్మా!"

అతను విసుగ్గా లేచి ఫోన్ బయటికి తీశాడు. "సరే, పైవాళ్లతోనే తేల్చుకోండి. ఇంతకీ యంత్రం ఎక్కడ బిగించారు? ఫోటో తెమ్మన్నారు."

"రండి చూపిస్తా," అంటూ ఆమె మేకుకున్న తాళంచెవి తీసుకుంది.

సామాన్ల గది మూలన, తాడైనా విప్పని అట్టపెట్టెలో కూర్చుని, చిల్లులోంచి పచ్చదీపం మిణుకుమిణుకుమనిపిస్తూ, గాలి లేదనీ ఎండ లేదనీ యంత్రం నిజాయితీగా పై ఆఫీసుకు లెక్కలు పంపుతోంది.